జనాభా లెక్కలలో తాతగారి జీవనవృత్తి : ఖమ్మము - భద్రాచలముల అటవీ సరిహద్దును గూర్చిన పరిశీలనము

వంశచరిత్రమును వ్రాయబూనినవారు మొదట ఆశ్రయింపదగిన ఆధారములలో జనాభా లెక్కలు ముఖ్యమైనవని పాశ్చాత్యదేశముల పరిశోధకులు చెప్పుదురు. ఆ మాట వారి దేశములకు చెల్లును. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1921వ సంవత్సరమున కుటుంబములవారు నింపియిచ్చిన పత్రములు నూఱేండ్ల గడువు తీఱిన పిమ్మట 2022 జనవరిలో ప్రజలకు అందుబాటులోనికి వచ్చినవి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ గడువు 72 సంవత్సరములు. అచటి 1950 నాటి పత్రములు 2022 ఏప్రిలులో వెలువడినవి. కావున అచటి మనుమడు తన తాత ఏ వీధిలో, ఏ యింట, ఎవరెవరితో కలిసి యుండెనో, ఏ పని చేసి బ్రదికెనో ఆయన పేరుతోనే చదువుకొనగలడు.

మన దేశమున ఇది సాధ్యము కాదు. ఇంటింట తిరిగి నింపిన పత్రములు లెక్కలు కట్టుట ముగిసిన పిదప నశింపజేయబడుచు వచ్చినవి. 1948 నాటి జనగణన శాసనము 15వ సెక్షను ప్రకారము గణకుడు వ్రాసిన పుస్తకమును గాని పత్రమును గాని పరిశీలించు హక్కు ఎవరికిని లేదు. ఆ శాసనము క్రింద నడచు నేరవిచారణలయందు తప్ప, ఆ వ్రాతలు న్యాయస్థానమున సాక్ష్యముగ చెల్లవు. మనకు మిగిలినవి అచ్చుపడిన నివేదికలు, పట్టికలు. వానిలో తాతగారి పేరు ఉండదు. వృత్తి యను గడిలో ఒక సంఖ్యలోని ఒకటియై ఆయన ఉండును. ఆ సంఖ్యనుండి ఆయన పనిపాటులను ఎంతవఱకు రాబట్టవచ్చును, అది ఎచట మనలను పెడత్రోవ పట్టించును అను విషయమును, గోదావరి కిరుగడలనున్న ఖమ్మము - భద్రాచలముల అటవీ సరిహద్దును ఉదాహరణముగ గైకొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

1. ఏ సంపుటమును తెఱువవలెను?

ఈ ప్రాంతమున పరిశోధకునకు ఎదురగు మొదటి చిక్కు ఎల్లలది. గోదావరి ఎడమగట్టుననున్న భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1860వ సంవత్సరపు ఒడంబడికవఱకు నిజాము రాజ్యములోనివి. ఆ ఒడంబడికచే అవి ఆంగ్లప్రభుత్వమునకు సంక్రమించి, మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాలో చేరినవి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చబడినవి. నూగూరు, ఆల్బాక, చెర్ల ప్రాంతములు మాత్రము 1909వఱకు మధ్యపరగణాలలోనే యుండి, అటుపిమ్మట మద్రాసులో చేరినవి. 1920 మొదలు 1923వఱకు మన్యప్రాంతములకు ఏజెన్సీ డివిజను అను ప్రత్యేకవిభాగ ముండెను. 1925లో గోదావరి జిల్లాకు తూర్పుగోదావరి యను పేరు కలిగెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలో కలుపబడినవి.

కుడిగట్టుననున్న పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లందు ప్రాంతముల కథ వేఱు. అవి హైదరాబాదు రాజ్యములోనివి. 1953 అక్టోబరు 1వ తేదీన వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేఱుపడువఱకు వాని లెక్కలు వరంగల్లు జిల్లా క్రిందనే కానవచ్చును. హైదరాబాదు రాజ్యమున తొలి జనగణనము 1881లో జరిగినది. అచటి ఉర్దూ కార్యాలయములలో దానికి మర్దుంషుమారీ యని పేరు.

ఈ విషయములను కలిపి చూచినచో, భద్రాచల ప్రాంతపు లెక్కలను 1872కు మధ్యపరగణాల సంపుటమునను, 1881 మొదలు 1951వఱకు మద్రాసు సంపుటములలోను, 1961 మొదలు ఆంధ్రప్రదేశ సంపుటములలో ఖమ్మము జిల్లా క్రిందను వెదకవలెనని తేలును. నూగూరు లెక్కలకు 1901వఱకు మధ్యపరగణాల సంపుటములే శరణ్యము. నదికి ఆవలిగట్టు వారికొఱకు 1881 మొదలు 1951వఱకు హైదరాబాదు సంపుటములను చూడవలెను. 1901లో మద్రాసు నివేదికను ఫ్రాన్సిస్, 1911లో మొలొనీ, 1921లో బోగ్, 1931లో ఈట్స్ సిద్ధపఱచిరి. హైదరాబాదు నివేదికలను 1891, 1901లలో మీర్జా మెహదీఖాన్, 1911లో అబ్దుల్ మజీద్, 1921లో మహమ్మద్ రహమతుల్లా, 1931లో గులాం అహమద్‌ఖాన్ రచించిరి. ఒకే నదికి ఇరుగడల బ్రదికిన జనుల వృత్తాంతము ఇట్లు రెండు కార్యాలయములలో, రెండు ప్రభుత్వముల దృష్టితో వ్రాయబడినది.

ఈ మార్పులు అచటితో ఆగలేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన శాసనమునకు జరిగిన సవరణచే భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచి, కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. 2022 ఏప్రిలులో కూనవరము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కూనవరమున ఒక కుటుంబము తరతరములుగ ఒకే యింట నున్నదనుకొందము. తాత తూర్పుగోదావరి జిల్లావాడు, తండ్రి ఖమ్మము జిల్లావాడు, మనుమడు మఱల తూర్పుగోదావరివాడై, ఆపైన అల్లూరి సీతారామరాజు జిల్లావాడయ్యెను. ఇల్లు కదలలేదు, ఎల్లలే కదలినవి. దీనిని గమనింపక పట్టికలు చూచువాడు లేని వలసలను కల్పించును.

2. పేరు ఎచట రాలిపోయినది?

1881 మొదలు 1931వఱకు లెక్క ఒక్కరాత్రి వ్యవహారము. 1881లో ఫిబ్రవరి 17, 1891లో ఫిబ్రవరి 26, 1901లో మార్చి 1, 1911లో మార్చి 10, 1921లో మార్చి 18, 1931లో ఫిబ్రవరి 26 ఆ రాత్రులు. గణకులు తిరుగుటకు వీలుగ వెన్నెల యుండవలెను. జనులు ఇండ్లు విడిచిపోవునట్టి జాతరలు, స్నానపర్వములు ఉండరాదు. ఇట్టి యోచనలతో దినము నిర్ణయింపబడెడిది. కొన్ని వారముల ముందే గణకుడు ఇండ్లకు అంకెలు వేసి, పత్రములు నింపి, నిర్ణీత రాత్రి మఱల తిరిగి, చనిపోయినవారిని కొట్టివేసి, పుట్టినవారిని, వచ్చినవారిని చేర్చుకొనెడివాడు. దట్టమైన అడవులలో, కొండపల్లెలలో రాత్రివేళ తిరుగుట అసాధ్యము గావున, అట్టిచోట్ల ఈ ఏకకాల నియమము సడలింపబడి పగటివేళలయందే లెక్క ముగింపబడుచుండెను. మన్యపు సంఖ్యలను చదువునపుడు ఈ భేదమును మఱువరాదు.

పత్రమున తాతగారి పేరు ఉండెను. పేరు, మతము, కులము లేక తెగ, వయస్సు, వివాహస్థితి, మాతృభాష, జన్మస్థలము, అక్షరజ్ఞానము, వృత్తి యను గడులలో ఆయనను గూర్చిన వ్రాత యుండెను. 1901లో చీటీల పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క చీటి. మతమును తెలుపుటకు చీటి రంగు. స్త్రీపురుష భేదమును, వివాహస్థితిని తెలుపుటకు గుర్తులు. ఈ చీటీలను అఱలలో వేసి, కట్టలుగ కట్టి లెక్కించిరి. పట్టిక కట్టుటకు కావలసినవి వయస్సు, వృత్తి, జన్మస్థలము, పేరుతో పనిలేదు. పత్రమున నున్న పేరు ఈ మెట్టుననే రాలిపోయినది.

పేరుతోపాటు రాలినవి మఱికొన్ని కలవు. కోయలలో వివాహసంబంధములను నిర్ణయించునది గట్టు. మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు అని వారు తమ్ము తాము గుర్తించుకొందురు. పట్టికలో కోయ యను తెగపేరు మాత్రమే నిలిచినది. తాతగారు తన్ను తాను ఎట్లు చెప్పుకొనెనో, ప్రభుత్వము ఆయనను ఎట్లు వ్రాసికొనెనో, ఈ రెంటికిని నడుమ ఇట్టి యెడము చాల కలదు.

3. ఋతువు మఱచిన లెక్క

విషయము స్పష్టమగుటకు ఒక కల్పితవ్యక్తిని గ్రహింతము. ఇతడు ఎవరి తాతయు గాడు. ఈ ప్రాంతపు పనిపాటులను ఒకచోట కూర్చుటకై ఏర్పఱచుకొనిన ఉదాహరణము. ఇతడు 1880 ప్రాంతమున దుమ్ముగూడెము చేరువ పల్లెలో పుట్టినాడు. ఎగువ గోదావరిపై పడవలు నడపుటకు సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున సాగిన పథకము 1871లో విరమింపబడగా, ఆ పనులకు గుర్తుగ దుమ్ముగూడెమున ఆనకట్ట మిగిలియుండెను. ఇతని తండ్రి ఆ పనులలో రాళ్ళు మోసినవాడు కావచ్చును. ఇతడు అడవి నఱకి, కాల్చి, తొలకరికి పోడులో విత్తును. కోతలైన పిదప వర్తకుని కొఱకు వెదురు కొట్టును. నీరున్న నెలలలో తెప్పలపై దిగువకు పోవును. నడివయస్సున కొన్నియేండ్లు ఆవలిగట్టున బొగ్గుగనిలో పనిచేసి, ముసలితనమున ఊరు చేరి పసులను కాచును.

పైని చెప్పిన తేదీలన్నియు మాఘ ఫాల్గునములకు చేరువలోనివే. అవి శ్రీరామనవమికి ముందే గడచిపోవును. అప్పటికి కోతలు ముగిసియుండును. గొడ్డలి చేతిలో నుండును. నఱకిన పోడు ఇంకను తగులబెట్టబడియుండదు. ఇప్పపువ్వు రాలుట ముమ్మరము కాదు. తునికాకు కోతకు ఇంకను వ్యవధి యుండును. అర్ధశతాబ్దములో ఆఱుమాఱులు లెక్క జరిగినను, ఆ ఆఱుమాఱులును గణకుడు ఇతనిని ఒకే ఋతువున చూచినాడు. వానకాలపు తాత ఏ లెక్కయందును కానరాడు.

గణకుడు ఆ దినపు పనిని గాక సంవత్సరమున ప్రధానమైన జీవనోపాధిని అడుగవలెనని నియమము. 1901 మొదలు ప్రధానవృత్తికి ఒక గడి, అనుబంధవృత్తికి మఱియొక గడి ఏర్పడినవి. కాని నాలుగు పనులచే సంవత్సరమును గడపు మనుష్యునకు ప్రధానమైనది ఏది? ధాన్యమునుబట్టి చూచినచో పోడు. చేతికి వచ్చిన పైకమునుబట్టి చూచినచో వెదురు. వర్తకునకు తీర్పవలసిన అప్పునుబట్టి చూచినచో అది కూలి. ఈ నిర్ణయము తాత మాటపై ఎంత ఆధారపడెనో, వ్రాయువాని తలంపుపైనను అంతయే ఆధారపడెను. వ్రాసినవారు సాధారణముగ గ్రామలేఖకులు, అనగా మద్రాసువైపు కరణములు, హైదరాబాదువైపు పట్వారీలు. భూమిశిస్తును లెక్కించు కన్నుతో వారు మనుష్యుని చూచుట సహజము.

4. గడులు మాఱినవి

1901లో వృత్తులు 520 వర్గములుగ విభజింపబడినవి. 1911లో ఫ్రెంచి గణాంకశాస్త్రజ్ఞుడు బెర్టిలాన్ రూపొందించిన అంతర్జాతీయ విభజనమును మన దేశమునకు అనువుగ మార్చి స్వీకరించిరి. అందు 4 తరగతులు, 12 ఉపతరగతులు, 55 శ్రేణులు, 169 వర్గములు మాత్రమే కలవు. 1931లో వర్గముల సంఖ్య 195. కావున 1901కిని 1911కిని నడుమ ఒక వృత్తివారు తగ్గినట్లో పెరిగినట్లో కనబడినచో, మనుష్యులు పని మార్చిరా, పట్టిక గడిని మార్చినదా యని ముందుగ విచారింపవలెను.

1911 నాటి విభజనములో అడవిపనులు ఒకేచోట కలవు. అడవిశాఖ అధికారులు, రేంజర్లు, గార్డులు ఒక వర్గము. కలప కొట్టువారు, వంటచెఱకు, లక్క మొదలగువానిని సేకరించువారు, బొగ్గు కాల్చువారు ప్రక్క వర్గము. 1882 నాటి మద్రాసు అటవీశాసనము పిమ్మట అడవిలో ఎదురెదురుగ నిలిచిన గార్డును, గొడ్డలి పట్టినవాడును పట్టికలో ఇరుగుపొరుగువారైరి. మన కల్పితవ్యక్తి ఆ రెండవ వర్గమున చేరవచ్చును. తెప్ప నడపువానిగ వ్రాయబడినచో జలరవాణాలో చేరును. ఊరక కూలి యని వ్రాయబడినచో వివరము చాలని వృత్తుల క్రింద, ఏ కూలియో తెలియని కూలీల వర్గమున పడిపోవును. మన్యపు పట్టికలలో పరిశోధకుడు అధికముగ అనుమానింపవలసినది ఈ చివరి వర్గమునే. అది వృత్తి లేనివారి వర్గము కాదు. పలువృత్తులు గలవారిని గణకుడు ఒక్కమాటతో చుట్టిపెట్టిన మూట.

1951లో వృత్తి దృష్టి పోయి జీవనోపాధి దృష్టి వచ్చినది. జనులందఱును ఎనిమిది తరగతులలో చేర్పబడిరి. సొంతభూమిని సేద్యము చేయువారు, పరుల భూమిని సేద్యము చేయువారు, వ్యవసాయపు కూలీలు, సేద్యము చేయని భూస్వాములు అని వ్యవసాయమునకు నాలుగు. సేద్యేతరమైన ఉత్పత్తి, వాణిజ్యము, రవాణా, ఇతరసేవలు అని తక్కినవి నాలుగు. పోడు కొట్టువానిని ఇందు ఎచట చేర్పవలెను? ఆ నేల తాతలనాటిదని వాడనును. రక్షితారణ్యమని ప్రభుత్వ మనును. సొంతభూమి యని వ్రాసినచో ఒక వాదమును, పరులభూమి యని వ్రాసినచో మఱియొక వాదమును గణకుడు అంగీకరించినట్లగును. కేవలము లెక్కకొఱకు గీసిన గడి ఇట్లు హక్కును గూర్చిన తగవులో తీర్పరి యగుచున్నది.

నడుమనున్న 1941వ సంవత్సరము విషయమున పట్టికలు మనకు అంతగ తోడ్పడవు. ఏకరాత్రి పద్ధతి ఆ యేట విడువబడినది. యుద్ధకాలమగుటచే పట్టికలు కట్టు పనియు చాలవఱకు కుదింపబడినది. అదృష్టవశమున అదే 1941లో ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరి కొండలలోని రెడ్ల నడుమ పరిశోధనము సాగించుచుండెను. యుద్ధమునుబట్టి శత్రుదేశీయుడుగ పరిగణింపబడి ఆయన హైదరాబాదు రాజ్యమున నిలిచిపోవలసివచ్చెను. 1945లో వెలువడిన ఆయన గ్రంథమున కొండరెడ్ల పోడును, వెదురు నఱకుటయు, కలపవర్తకులకు వారు లోబడిన తీరును, తీఱని బాకీలును వివరింపబడినవి. అప్పు అను గడి జనాభా పత్రమున ఎన్నడును లేదు. కాని ఈ సరిహద్దున ఒక మనుష్యుడు ఏ పని ఎందులకు చేసెనో ఎఱుగుటకు అప్పు తెలియక తీఱదు. లెక్కల పట్టికను ఇట్టి ప్రత్యక్షవర్ణనముతో జతపఱచి చదువుట ఆవశ్యకము.

5. నదిని దాటిన మనుష్యుడు

భారత భూగర్భపరిశోధన సంస్థకు చెందిన డాక్టరు విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు (దక్కను) కంపెనీ గనుల హక్కును పొందెను. 1889లో బొగ్గు త్రవ్వకము ఆరంభమయ్యెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరుతో సంస్థ నమోదయ్యెను. ఆనాటి లెక్కలలో ఇల్లందుకు ఇల్లందులపాడని పేరు. సింగరేణి యనునది చేరువ గ్రామము; గనులకు మాత్రము ఆ పేరే స్థిరపడెను. తరువాతి కాలమున కొత్తగూడెము గనులకును, కంపెనీ కార్యాలయములకును కేంద్రమయ్యెను.

మన కల్పితవ్యక్తి గోదావరిని పడవపై దాటి ఈ గనులలో చేరెననుకొందము. భద్రాచలమున వంతెన 1965లో గాని రాలేదు. ఇపుడతడు మద్రాసు సంపుటమునుండి మాయమై హైదరాబాదు సంపుటమున, మద్రాసు రాజధానిలో పుట్టినవారను గడిలో ప్రత్యక్షమగును. కొలది ఆమడల దూరము నడచి వచ్చిన ఈతడు పరప్రాంతమునుండి వచ్చిన వలసదారుడు; కరీంనగరము జిల్లానుండి ఎంతో దూరము నడచి అదే గనికి వచ్చినవాడు మాత్రము అదే రాజ్యమువాడు. దూరమును కొలువవలసినచోట పట్టిక రాజ్యముల యెల్లలను కొలిచినది. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరుటచే, 1961 నాటి లెక్కలో అదే నది ఒక జిల్లాలోని వాగువలె అయ్యెను. అదే బాటను నడచినవాడు అంతకుముందు అన్యరాష్ట్రమువాడు, ఆ తరువాత స్వజిల్లావాడు. వలస తగ్గినదని చెప్పుటకు ముందు ఈ విషయమును గమనింపవలెను.

గనిపనివారి విషయమున మఱియొక ఆధారము కలదు. 1911లో ఇరువదిమందికి తక్కువకాని పనివారు గల కర్మాగారములను, గనులను గూర్చియు, 1921లో పదిమందికి తక్కువకాని వానిని గూర్చియు ప్రత్యేకమైన పారిశ్రామిక పత్రములు నింపబడినవి. వీనిని నింపినది యజమానులు. కావున ఒకే మనుష్యుడు ఇంటి పత్రమున ఒకమాఱు, యజమాని పత్రమున ఒకమాఱు లెక్కకు వచ్చెను. ఈ రెండు పట్టికలును సరిపోవని చోట, గనిలో పనిచేయుచు తాను సేద్యగాడనని చెప్పుకొనిన జనులు ఉండిరేమో యని పరిశోధకుడు యోచింపవచ్చును. ఊరిలోని పోడును విడువక, కొన్ని నెలలు మాత్రమే గనికి పోవువాడు తన్ను గనిపనివానిగ చెప్పుకొనకపోవుటలో వింత లేదు.

6. నాయనమ్మ ఎచట?

తాతగారి పనిని వెదకువారు నాయనమ్మ పనిని మఱువరాదు. పోడులో కలుపు తీసినది, ఇప్పపువ్వు ఏఱినది, వెదురు మోపులు మోసినది, సంతలో అమ్మినది ఆమెయే. 1901 మొదలు వృత్తి గల పనివారికిని, వారిపై ఆధారపడినవారికిని భేదము పాటింపబడెను. ఆమె ఏ వైపు చేరుననునది సాధారణముగ భర్తయో, గణకుడో నిర్ణయించినదే. 1931లో సంపాదకులకును, కేవలము ఆధారపడినవారికిని నడుమ, ఆధారపడియు పనిచేయువారు అను వర్గ మేర్పడెను. 1951లో స్వయంపోషకులు, సంపాదించు ఆశ్రితులు, సంపాదింపని ఆశ్రితులు అని మూడు విధములు వచ్చినవి. స్త్రీల పని ఒక లెక్కలో పెరిగి, మఱియొక లెక్కలో తఱిగినట్లు కనబడుటకు ఈ నిర్వచనములే చాలవఱకు కారణము. కుటుంబపు బ్రదుకుతెరువు ఇద్దఱి రెక్కలపై నడచినది. పట్టిక దానిని ఒకని పేర వ్రాసినది.

7. చట్టము అడుగుచున్న తాత

ఈ విచారము గ్రంథపరిశోధనమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2006 నాటి అటవీహక్కుల గుర్తింపు శాసనము ప్రకారము షెడ్యూలు తెగలవారు 2005 డిసెంబరు 13కు ముందు అటవీభూమి తమ అనుభవమున ఉన్నట్లు చూపిన చాలును. ఇతర సంప్రదాయిక వనవాసులు మాత్రము ఆ తేదీకి ముందు మూడు తరములుగ అడవిని ఆశ్రయించి నివసించినట్లు చూపవలెను. తరమనగా 25 సంవత్సరములని శాసనమే నిర్వచించినది. 2005 డిసెంబరు 13నుండి 75 సంవత్సరములు వెనుకకు లెక్కించినచో 1930 డిసెంబరు 13 వచ్చును. అనగా చట్టము ఆ మనుష్యుని అడుగుచున్నది ఆయన తాతను గూర్చియే. ఆ తేదీకి సరిగా రెండున్నర నెలల పిమ్మట, 1931 ఫిబ్రవరి 26 రాత్రి, ఆ తాత పేరు, ఊరు, వృత్తి పత్రమునకు ఎక్కినవి. సాక్ష్యమునకు ఇంతకంటె తగిన కాగితము మఱియొకటి యుండదు. ఆ కాగితమే ఇపుడు లేదు.

అట్లని జనాభా లెక్కలు ఇచట నిరుపయోగములు కావు. ఆ శాసనము క్రింది నియమములలో 13వది ఆధారముల పట్టికను చెప్పుచు గెజెటీరులు, జనాభా లెక్కలు, సర్వే నివేదికలు, పటములు మున్నగు ప్రభుత్వపత్రములను పేర్కొన్నది. అదే నియమము, హక్కు కోరువారు గాక ఇతరులైన పెద్దలు చెప్పగా వ్రాసికొనిన వాఙ్మూలమును, ఇంటిగుర్తులు, బావులు, శ్మశానములు, పవిత్రస్థలములు మున్నగు ఆనవాళ్ళను కూడ ఆధారములుగ అంగీకరించినది. ఒకటికంటె ఎక్కువ ఆధారములను కలిపి చూడవలెననియు చెప్పినది. అచ్చుపడిన లెక్క ఊరి ఉనికిని, జనసంఖ్యను, ఆ ప్రాంతమున జనులు ఏయే పనులపై బ్రదికిరో దానిని స్థాపించును. ఆ జనులలో మా తాత యొకడని స్థాపించునది పెద్దల మాట. ఒకటి లేక రెండవది అసంపూర్ణము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పోడు జీవనమున గూడెములు కదలుచుండును. చిన్నగూడెముల జనసంఖ్య పలుమాఱులు ప్రధానగ్రామము క్రిందనే చేరిపోవును. జనము లేని గ్రామము తెలంగాణపు రెవిన్యూ పరిభాషలో బేచిరాగు, అనగా దీపము లేని ఊరు. గూడెము పేరు పట్టికలో లేనంత మాత్రమున అచట దీపము లేదనుట సాహసము. పోలవరము జలాశయమున మునుగు పల్లెల విషయమున ఈ జాగ్రత్త మఱింత అవసరము. అచటి బావులు, శ్మశానములు, వేల్పుల గద్దెలు నీట మునిగిన పిదప మిగులునవి కాగితములు, జ్ఞాపకములు మాత్రమే.

8. పరిశోధకులు అనుసరింపదగిన క్రమము

మొదట తాతగారి పుట్టుకను తెలిసిన సంఘటనలతో ముడివేయవలెను. 1918 నాటి విషజ్వరముల నాటికి ఎంతవాడు, 1922 - 24లలో అల్లూరి సీతారామరాజు పోరాటము నాటికి ఏమి చేయుచుండెను, 1953 ఆగస్టు గోదావరి వఱదనాటికి మనుమలు కలరా యను ప్రశ్నలకు వచ్చు సమాధానము, పత్రములలోని వయస్సుకంటె నమ్మదగినది. జనులు వయస్సును పదులతోను అయిదులతోను చెప్పుట పరిపాటి యని జనగణనాధికారులే తమ నివేదికలలో పలుమాఱులు వ్రాసికొనిరి.

రెండవది, ఆయా సంవత్సరములలో ఆ పల్లె ఏ సంపుటమున నుండెనో నిర్ణయింపవలెను. మూడవది, పట్టికకు ముందు నివేదికలోని వృత్తి ప్రకరణమును చదివి, నాటి నిర్వచనములను వ్రాసికొనవలెను. నాలుగవది, జన్మస్థలపు పట్టికను నదికి రెండువైపులను పోల్చి చూడవలెను. అయిదవది, 1951 మొదలు వెలువడిన జిల్లా జనగణన దర్శినులలో గ్రామముల వారీ సంఖ్యలను పరిశీలింపవలెను. ఆ యేటనే గణనచీటీలనుండి పౌరుల జాతీయ రిజిస్టరు వ్రాయబడినది. పేరును, జీవనోపాధిని ఒకచోట నిలిపిన ప్రయత్నము అది. గ్రామపు పాతకాగితములలో దానికై విచారింపవలెను. 1961 లెక్కల సందర్భమున ఎన్నుకొనిన గ్రామములను గూర్చి వెలువడిన ప్రత్యేక గ్రంథములను కూడ చూడదగును.

ఆఱవది, పేరుగల కాగితములను వెదకవలెను. కుడిగట్టు గ్రామములకు 1954 - 55 నాటి ఖాస్రా పహాణీ యున్నది. గనిపనివారికి 1948 నాటి శాసనము క్రింద ఏర్పడిన బొగ్గుగనుల భవిష్యనిధి కాగితములు కుటుంబములలో మిగిలియుండవచ్చును. బడిలో చేరినప్పటి పుస్తకమున బిడ్డ తండ్రి వృత్తి యుండవచ్చును. చివరిది, నిజమునకు మొదటే మొదలుపెట్టవలసినది, పెద్దల మాటను వారి నుడికారముతోనే వ్రాసికొనుట. కోయభాషలో చెప్పినదానిని ఆ భాషలోనే వ్రాసికొని, తెలుగు అర్థమును ప్రక్కన చేర్పవలెను.

9. ఉపసంహారము

జనాభా పట్టికలోని వృత్తి యను సంఖ్య ముగ్గురు మనుష్యుల కలయికచే పుట్టినది: చెప్పిన తాత, వ్రాసిన గణకుడు, గడి నిర్ణయించిన అధికారి. తరువాతివారు తమ నియమములను అచ్చువేసి మనకు ఇచ్చిరి గావున వారి పాలును వేఱుచేయుట సాధ్యము. వారి పాలును తీసివేయగా మిగిలినదే తాతగారి మాట. ఆ మిగిలినది స్వల్పమే కావచ్చును. కాని పాల్వంచ అడవులలోను, భద్రాచల మన్యమునను బ్రదికిన వేలకొలది పేరులేని పనివారిని గూర్చి ప్రభుత్వము మిగిల్చిన వ్రాతలో అదియే అధికభాగము. దానిని పూరింపగల పెద్దలు, అనగా 1931లో పత్రమునకెక్కిన తరమును కన్నులార చూచినవారు, ఏటేట తఱుగుచున్నారు. గ్రంథాలయములలోని సంపుటములు ఇంకను కొంతకాలము నిలుచును. కావున విద్యార్థులు ముందుగ పోవలసినది ఆ పెద్దల యొద్దకే.